నాలుగు గొట్టే దాక

పొద్దున తొమ్మిదింటికి వార్డు ఊడ్సుడు మొదలైతది,
దుమ్ముతోనే మమ్ములను గూడ బయటికి తోలుతరు.
మళ్ల లోపలికి రానిచ్చేది నాలుగింటికి.
ఏడు గంటలు. కొంగుముడిల నూటనలభై రూపాలు.
ఎంజీఎం గేటు కాడ కూసుంటే
కూసున్నందుకు చాయ్ తాగాలె.

నడువు, అన్నది షాహెదమ్మ.
పరకాలామె. గాజుల గంప.
పక్క మంచం మీద ఆమె పెనిమిటి,
నెలన్నర సంది ఉన్నడు గనుక
వరంగల్ల పైసలడుగని జాగలన్నీ ఆమె కాళ్లకు ఎరుక.

మొదటినాడు మట్టికోట.
కోటంటే గోడ అనుకున్న, గుట్ట లెక్కున్నది.
మేకలు ఎక్కుతున్నయి,
ఒక పిలగాడు మీదికెక్కి ఫోనుకు సిగ్నల్ ఎతుకుతుండు.
రాతికోట దర్వాజల తొవ్వ ఇటు మలిగి అటు మలుగుతది,
దుష్మన్లను తిప్పలు పెట్టనీకె కట్టిండ్రట,
ఇప్పుడు షేరింగ్ ఆటోలు తిప్పలు పడుతున్నయి.
నడిమిట్ల తోరణాలు. లోపలికి టికెట్.
షాహెదమ్మ జాలీ కాడ నిలవెట్టి చూపిచ్చింది:
"లోపల్నుంచి సూసినా రాయి గంతే ఉంటది."

నాలుగింటికి ఓదెలుకు చెప్పిన.
నా తమ్ముడు. మేస్త్రి.
మంథనిల గోవకట్టె ఇరిగి కింద పడ్డడు,
కాలుల రెండు సలాకలు,
రెండు వారాల సంది పంకానే చూస్తుండు.
తోరణం మీద హంసలున్నయంటే ఇనలే.
"అక్కా, అతుకు ఎట్లున్నది?"
"ఏ అతుకు?"
"రాయికీ రాయికీ నడుమ. సున్నం పెట్టిండ్రా,
ఉత్తగ కూసుండవెట్టిండ్రా?"
నేను చూడలే.

తెల్లారి మళ్ల పోయిన. హంసలను ఇడిసిపెట్టి
సందులు చూసుడు నేర్సుకున్న.

వేయిస్తంభాల గుడికి హన్మకొండ దాక నడక.
దేవునికి పైసల్లేవు, చెప్పులకు ఉన్నయి.
షాహెదమ్మ గేటు బయట కూసోని
రెండు జతలు కాపాడింది,
ఆడనే డజను గాజులమ్మింది.
లోపల నల్లరాయి కంబంల నా మొఖం కనవడ్డది,
పదారు రోజుల తర్వాత. బక్కగయిన్నని అప్పుడే తెల్సింది.
వాచ్‌మన్ చెప్పిండు:
ఈ మంటపం మొత్తం ఇప్పిండ్రట,
రాయిరాయికి నంబరేసిండ్రట,
ఎక్కడిదక్కడ మళ్ల కూసుండవెట్టిండ్రట.

ఓదెలు శానసేపు కాలు దిక్కు చూసిండు.
"ఎన్నేండ్లు పట్టింది?"
"పదిహేనుకు మీదనే."
"డాక్టరు నాకు మూడునెలలన్నడు.
సర్కారు లెక్కల మూడునెలలంటే ఎన్నో?"
పక్క మంచం మీది మనిషి నవ్విండు,
నవ్వి దగ్గిండు,
దగ్గి మళ్ల నవ్విండు.

గవి మంచి రోజులు. దవాఖానల మంచి రోజులేంది అంటరు గని
గవి మంచి రోజులే.

శుక్రవారం నేను పొయ్యేసరికి
పక్క మంచం మీద కొత్త దుప్పటి.
సిస్టరమ్మ నడిగితే "డ్యూటీ మారింది, నాకెరుక లేదు" అన్నది.
గేటు కాడ గంప లేదు.
ఆ పొద్దు ఒక్కదాన్నే శివనగర్ మెట్లబాయి దాక పోయిన.
నీడకు పైసల్లేవు. నాలుగు దాక ఆడనే ఉన్న.
ఓదెలు అడిగితే చెప్పనీకె ఏం చూడలే.
ఓదెలు అడుగలే.

డిశ్చార్జి నాడు ఆటో మాట్లాడిన, బస్టాండుకు.
"కోట దిక్కు పోనియ్యి" అన్నడు ఓదెలు.
అది ఉల్టా తొవ్వ. డ్రైవరు నా మొఖం చూసిండు.
నేను ముడి చూసుకున్న.

దర్వాజ కాడ చంకకర్ర మీద నిలవడ్డడు.
బొటనేలు గోరు రెండు రాళ్ల సందుల పెట్టి జరిపిండు,
దూరలే.
ఇంకో కాడ పెట్టిండు. దూరలే.
వెనుక హారన్లు.
"ఎవడో పనిమంతుడు" అన్నడు,
నిన్నమొన్న కలిసి పని చేసినోని గురించి చెప్పినట్టు.

వెయిటింగుకు ఇరువై ఎక్కువడిగిండు డ్రైవరు.
ఇచ్చిన.
ఈ పట్నంల మేం కొన్న టికెట్ అదొక్కటే.